వాసన వదలాలన్నారు

గతవారం మనం చిన్నక్కను డాబా మీద, తీగ మీద ఆరుతున్న ఊలు శాలువా ముందు వదిలేసి వచ్చాం. ఆ శాలువాని ఆమె రెండుసార్లు సబ్బు పెట్టి, మూడుసార్లు జాడించి, ఎండ జరిగినప్పుడల్లా తిప్పి ఆరేసింది. సాయంత్రం మడత పెట్టే ముందు ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు, ఎండ. అంతే. అక్క లేదు.

ఈ వారమే కథలో అడుగుపెట్టినవాళ్ల కోసం వెనకటి సంగతి కాస్త చెప్పుకుందాం.

చిన్నక్కది టీ పొడి వ్యాపారం. బోర్డు మీద ఏం రాసి ఉన్నా బజారు నోట్లో అది అక్కాచెల్లెళ్ల కొట్టే. పెద్దావిడ పెద్దక్క, చిన్నావిడ చిన్నక్క. యాభై ఆరేళ్లు నిండినా, ముందు పన్ను ఒకటి ఊడినా, చిన్నక్క చిన్నక్కగానే ఉండిపోయింది. ముప్పై ఏళ్లు ఇద్దరూ ఒకే బల్లకి అటొకరు ఇటొకరు కూర్చుని పొడి రుచి చూశారు. ఎనిమిది నెలల కింద ఒక ఉదయం, "ఇవాళ ఇంట్లో ఉండవే, ఒంట్లో అదోలా ఉంది" అంది అక్క. "లోడు దిగాలక్కా, మధ్యాహ్నానికి వచ్చేస్తాగా" అంది చెల్లెలు. మధ్యాహ్నానికే వచ్చింది. మాట తప్పలేదు. అప్పటికే అక్క ఒళ్లు చల్లబడి ఉంది.

ఆ తర్వాత చిన్నక్కకి ముందు నిద్ర పోయింది, తర్వాత ఆకలి పోయింది, ఆఖరికి నాలుక మీద రుచి పోయింది. రుచి తెలియని టీ వ్యాపారి చూపు ఆనని దర్జీతో సమానం. అప్పుడు గాని ఆస్పత్రి మెట్లెక్కలేదు.

ఎవరికీ చెప్పని సంగతి ఇంకొకటుంది. ఊలు వాసనని బాగా పట్టుకుంటుంది, గాలికి పెడితే మాత్రం నెలలో వదిలేస్తుంది. అందుకని అక్క పోయిన మర్నాడే ఆమె కప్పుకునే శాలువాని చిన్నక్క ఒక రేకు డబ్బాలో పెట్టింది. మేలురకం పొడి దాచుకునే బిగుతు మూత డబ్బా. తేమ పీల్చడానికి అడుగున రెండు గుప్పెళ్ల ఎండు టీ ఆకుని అక్క రుమాల్లోనే మూటకట్టి వేసింది. ఆదివారానికి ఒక్కసారి మూత తియ్యడం, మూడంటే మూడుసార్లు పీల్చడం, మళ్లీ మూత. నారింజ తొక్క, తల నూనె, మోకాళ్ల నొప్పుల మందు, వాటన్నిటి కింద పేరు పెట్టలేనిది ఇంకొకటి. మూత తీసిన ప్రతిసారీ ఎంత పోతుందో అంచనా కట్టింది. ఇలా పొదుపుగా వాడుకుంటే నాలుగేళ్లు వస్తుందని తేల్చుకుంది.

బావ కూడా ఒకడున్నాడు. పద్దెనిమిదేళ్ల కింద అక్కను వదిలి వెళ్లిపోయిన మనిషి. అక్క పోయిన వారంలోపే వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. "ఆవిడది ఏదైనా ఒకటి ఇవ్వు. ఏదైనా సరే" అన్నాడు. చిన్నక్క తలుపు వేసేసింది.

ఇక ఈ గురువారం దగ్గరికి వద్దాం.

ఆస్పత్రిలో మనసు డాక్టరు గది కింది అంతస్తులో, ఎక్స్‌రే గది పక్కన, వరండా చివర ఉంటుంది. ఎముక విరిగినవాళ్ల బెంచీ మీదే మనసు విరిగినవాళ్లూ కూర్చోవాలి. కట్టుతో వచ్చినవాళ్లని "ఎలా పడ్డారు" అని పక్కవాళ్లు పలకరిస్తారు. చిన్నక్కని ఎవరూ అడగరు. ఆరు వారాలుగా ఆ బెంచీ మీద ఆమె పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ అలాగే ఉంటోంది.

పేరు పిలిచారు. లోపలికి వెళ్లి, కుర్చీలో కూర్చోకుండానే సంచిలోంచి శాలువా తీసి బల్ల మీద పెట్టింది.

"అయిపోయింది" అంది.

డాక్టరమ్మకి ముప్పై నాలుగు, ముప్పై అయిదేళ్లు ఉంటాయి. మాత్రలు రాస్తుంది, నిద్ర ఎన్ని గంటలో అడుగుతుంది, ఆ తర్వాత పాతకాలపు యోగులూ బౌద్ధ భిక్షువులూ మనసు గురించి చెప్పినవి తీసి ఇప్పటి మనుషులకి పనికొచ్చేలా చెబుతుంది. మొదటి వారమే "ఇదంతా మీ సంస్కారాల వల్లే" అనేసరికి చిన్నక్క లేచి నిలబడింది. తన సంస్కారానికి ఏం తక్కువైందో తేల్చమంది. సంస్కారం అంటే మర్యాద కాదు, మనసు మీద పడ్డ ముద్ర అని నచ్చజెప్పి కూర్చోబెట్టడానికి పావుగంట పట్టింది.

"ఏమయిపోయిందమ్మా?"

"మీరు చెప్పింది."

డాక్టరమ్మ శాలువా వైపు చూసింది. "నాకు తెచ్చారా?"

"మీకెందుకు తెస్తాను. మా అక్కది. సోమవారం ఉతికేశాను. మూడు రాత్రులైంది, నిద్ర రాలేదు. ఇదివరకు రెండు గంటలైనా పట్టేది, ఇప్పుడు అదీ లేదు. ఎన్ని రోజులకి గుణం కనిపిస్తుందో చెప్తే అన్ని రోజులూ ఓపిక పడతాను. నా వంతు నేను చేశాను."

"నేను ఉతకమన్నానా?"

"పాత వాసన పట్టుకుని కూర్చుంటే మనసు కదలదు, అది వదలాలి అన్నారు. పోయిన గురువారం. ఇదే కుర్చీలో."

బయట వరండాలో తోపుడు మంచం ఒకటి చక్రం కిర్రుమంటూ వెళ్లింది. డాక్టరమ్మ లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"అమ్మా, నేనన్నది ఆ వాసన కాదు."

"వాసనల్లో నాకు తెలిసినవే నాలుగొందల పైచిలుకు ఉన్నాయి. మీరన్నది ఏది?"

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "రోజూ మీరు ఒక మాట అనుకుంటారు కదా. ఆ పూట కొట్టుకి వెళ్లకుండా ఉంటే, అని. అనుకున్న ప్రతి తలపూ పోతూ పోతూ మనసుకి కాస్త అంటించి పోతుంది. ఆ అంటుకున్నది మళ్లీ అదే తలపుని పుట్టిస్తుంది. మనసుని గురించి ఆలోచించిన పాతవాళ్లు, మనవాళ్లూ బౌద్ధులూ కూడా, దానికి వాసన అని పేరు పెట్టారు. నేను దాన్ని అన్నాను."

"తలపు అనొచ్చుగా."

"అనొచ్చు."

"అలవాటు అనొచ్చు."

"అనొచ్చమ్మా." ఆమె గొంతు తగ్గింది. "నేను నేర్చుకున్నచోట అది పుస్తకంలో మాట. దానికి ముక్కుతో పని ఉండేది కాదు."

"నాకు ముక్కుతో తప్ప పని లేదు" అంది చిన్నక్క, అప్పుడు కూర్చుంటూ.

కోపం వస్తుందేమోనని తనలో తానే వెతుక్కుంది. మోసం జరిగితే కోప్పడటం ఆమెకు బాగా తెలుసు. బస్తా పైన మంచి ఆకు, కింద ఊక పెట్టి అమ్మినవాణ్ని బజారు మధ్యలో నిలబెట్టి కడిగేసిన మనిషి. కాని ఇక్కడ ఊక లేదు. సరుకూ మంచిదే, ఇచ్చిన మనిషీ మంచిదే. పేరొకటి, సరుకొకటి అయింది.

"ఒకటి చెప్పనా డాక్టరమ్మా. ఆ డబ్బా సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మా కొట్లో పొడి కలిపే మేస్త్రికి కూడా తెలియదు. మీరు పాత వాసన అనగానే నా గుండె ఆగినంత పనైంది. చెప్పకుండానే పట్టేసింది, ఈ పిల్లది మామూలు ముక్కు కాదు అనుకున్నాను. ఎనిమిది నెలల్లో మొదటిసారి నా సంగతి ఒకరికి తెలిసింది అనిపించింది. ఆ సంతోషంలో ఉతికాను. మీరు వదలమన్నారని ఒక్కటే కాదు."

డాక్టరమ్మ శాలువాని దగ్గరికి తీసుకుని, వంగి, వాసన చూసింది. చిన్నక్క ఆమె మొహం వంకే చూస్తూ కూర్చుంది, తనకి దొరకనిది ఆమెకైనా దొరుకుతుందేమోనని.

"సబ్బు" అంది డాక్టరమ్మ.

"బాగా ఉతుకుతాను నేను."

డాక్టరమ్మ నవ్వబోయి మానుకుంది. "తప్పు నాది. ఒక మాట వాడేముందు అది మీ ఇంట్లో ఏ పని చేస్తుందో అడగాల్సింది." రోగులకి పంచే కాగితం ఒకటి సొరుగులోంచి తీసి, వాసన అన్న మాట మీద కలం పెట్టింది, కొట్టేద్దామని.

"కొట్టెయ్యకండి" అంది చిన్నక్క. "మాట బాగానే ఉంది. వదలాలి అన్నారు చూడండి, అక్కడ తప్పింది లెక్క."

"అదెలా?"

"మల్లెపూల టీ ఎలా చేస్తారో చూశారా? ఆకులో పూలు కలపరు. ఆకు పరిచి, మీద పూలు పరిచి, మళ్లీ ఆకు పరిచి ఒక రాత్రి మూసి ఉంచుతారు. తెల్లారాక పూలన్నీ ఏరేస్తారు. పువ్వు ఒక్కటి మిగలదు. అయినా ఏడాది తర్వాత నీళ్లు పోస్తే మల్లెలే. పువ్వు వెళ్లిపోయిందిగా, ఇంక నువ్వెందుకు మోస్తావు అని ఆకుని అడిగేవాళ్లెవరు? మా గిడ్డంగిలోకి సబ్బు బిళ్ల తేనివ్వం, ఉల్లిపాయ తేనివ్వం. ఎందుకంటే ఆకుకి వద్దనడం చేతకాదు. పక్కన ఏది ఉంటే అది తీసుకుంటుంది. తీసుకున్నది ఉతికితే పోదు. మరిగిస్తే బయటికి వస్తుంది."

డాక్టరమ్మ కలం మూత పెట్టేసింది. "పాతవాళ్లు సరిగ్గా ఇదే చెప్పారు. వాళ్లు నువ్వులతో చెప్పారు. పూలల్లో వేసి ఉంచిన నువ్వులు పూల వాసన పట్టుకుంటాయి, గానుగ ఆడితే నూనెలో అదే వస్తుంది. మనసు అడుగున ఇలాంటివన్నీ దాగి ఉండే చోటు ఒకటుందని బౌద్ధులు అన్నారు. దాన్ని ఆలయం అన్నారు."

"గుడా?"

"కాదమ్మా." ఈసారి ఆమె తొందరపడలేదు, ఒక్కో మాటా చూసి పెట్టింది. "ఆ మాటకి వాళ్ల అర్థం సరుకు ఉండే చోటు. గిడ్డంగి."

"గిడ్డంగి అయితే నాకు చెప్పక్కర్లేదు" అంది చిన్నక్క. "గిడ్డంగిలో ఏదీ ఊరికే పోదు. పోయింది అనుకున్నది పక్క బస్తాలో..."

మాట అక్కడ ఆగిపోయింది.

పక్క బస్తాలో ఉంటుంది, అనబోయింది. ముప్పై ఏళ్లుగా పనివాళ్లకి చెప్పే మాట అది. డబ్బా అడుగున ఎనిమిది నెలలు మూటలో ఉన్న ఆకు ఆమె కళ్ల ముందుకొచ్చింది. శాలువాకి ఆనుకుని, మూత కింద, ఎటూ గాలి పోకుండా ఉన్న రెండు గుప్పెళ్ల ఆకు. వద్దనడం చేతకాని ఆకు. శాలువా తీసినప్పుడు ఆ మూట వంక కన్నెత్తి కూడా చూడలేదు. మంగళవారం కొట్టుకి తీసుకెళ్లి, "ఇది చెడింది, తుడుపులో వేసెయ్" అని మేస్త్రి చేతిలో పెట్టింది.

తుడుపు బస్తాలో చేరే రాలిన పొడీ చెడిన పొడీ మొక్కల నర్సరీ వాళ్లకి వెళ్తాయి. బండి గురువారం వస్తుంది.

ఆమె లేచింది.

"ఎక్కడికమ్మా? ఇంకా ఇరవై నిమిషాలుంది మనకి."

"మీకుంది. నాకు లేదు."

"మాత్రలు మానొద్దు."

"మానను."

"శాలువా?"

గుమ్మంలో చిన్నక్క వెనక్కి తిరిగింది. "ఉంచండి. ఇప్పుడది ఉత్త శాలువా. చలేస్తే కప్పుకోండి."

ఆస్పత్రి నుంచి కొట్టుకి నడిస్తే పాతిక నిమిషాలు. ఆటో ఎక్కొచ్చన్న ఆలోచన సగం దారి నడిచాక వచ్చింది, అప్పటికి ఎక్కినా కలిసొచ్చేది లేదు. ఎండ మాడు మీదికి వచ్చింది. ఎదురుపడ్డవాళ్లలో ఇద్దరు పలకరించారు. ఇద్దరికీ ఒకే తలూపు ఊపి దాటేసింది.

కొట్టు వెనక గదిలో మేస్త్రి పొడి కలుపుతున్నాడు. ఇరవై ఏళ్లుగా అక్కాచెల్లెళ్లిద్దరి చేతా చీవాట్లు తిని గట్టిపడ్డ మనిషి. చెక్క పార ఆగిపోయింది.

"తుడుపు బస్తా ఏది?" అంది చిన్నక్క.

"బండికి ఎత్తేశానండి. పదకొండింటికే."

ఆమె కలుపుడు బల్ల అంచు పట్టుకుంది. మేస్త్రి ఆ చేతి వంక చూశాడు.

"మీరిచ్చిన మూట కోసమా?"

"దాని కోసమే."

"అది బస్తాలో పడెయ్యలేదండి. చెడిన పొడి అన్నారు కాని బూజు లేదు, తేమ లేదు. రుమాలు చూస్తే పెద్దక్కగారిది. పడెయ్యబుద్ధి కాలేదు. పక్కన పెట్టాను."

అక్క పోయాక చిన్నక్క ఆ గదిలో గట్టిగా ఊపిరి తీసింది అదే మొదటిసారి. "ఇలా ఇవ్వు."

మేస్త్రి పారని గోడకి ఆనించాడు. అది జారింది, మళ్లీ ఆనించాడు. చెప్పాల్సింది చెప్పడానికి ఆ రెండుసార్లూ చాల్లేదు.

"ఏవయ్యా?"

"బావగారు తీసుకెళ్లారండి."

"ఏ బావగారు?"

"మీకెంతమంది ఉన్నారు?" అనేసి, మేస్త్రి నాలుక కరుచుకున్నాడు. "ప్రతి గురువారం వస్తారు. మీరు ఆస్పత్రికి వెళ్లే టైం చూసుకుని. రెండొందల గ్రాములు కట్టించుకుని, పెద్దక్కగారి కుర్చీ దగ్గర కాసేపు నిలబడి పోతారు. కూర్చోరు. కూర్చోండి అన్నా కూర్చోరు. చెప్తే మీరు గుమ్మం తొక్కనివ్వరని నేనే చెప్పలేదు. నన్ను తిట్టండి, పడతాను."

"మూట సంగతి చెప్పు."

"రుమాలు ఆయనే చూశారు. 'ఇది దానిది కదూ' అన్నారు. చెడిన పొడండి, పారేస్తున్నాం అన్నాను. ముడి విప్పి మొహం దగ్గర పెట్టుకున్నారు." మేస్త్రి పార వంక చూస్తూ చెప్పాడు. "చాలాసేపు దించలేదండి. అయ్యాక మళ్లీ ముడేసి, 'ఎవరికీ అక్కర్లేనిదేగా' అన్నారు. నేనేమంటాను? అవునన్నాను."

"ఎంతసేపైంది?"

"గంట కావొస్తోంది."

చిన్నక్క బయటికి అడుగు వేసింది. వెనక నుంచి మేస్త్రి, ఎప్పటినుంచో నోట్లో నానుతున్నదాన్ని వదిలేశాడు. "ఆయన వదిలేసి వెళ్లారని మీరంటారు. పెద్దక్కగారు మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదండి. నా చెవులతో నేను ఒక్కసారి కూడా వినలేదు."

ఆమె ఆగింది గాని తిరిగి చూడలేదు. అడగాల్సింది చాలా ఉంది. ఇప్పుడు తీరిక లేదు.

బావ ఉండేది రైలు పట్టాల అవతల, ఒక పాత మేడలో, నాలుగో అంతస్తు. బతుకంతా పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు బాగుచేసిన మనిషి. ఆయన మేడలో లిఫ్టు తలుపుకి అడ్డంగా తాడు కట్టి ఉంది. ఆ తాడు కూడా పాతబడింది. చిన్నక్క మెట్లెక్కింది. ఒకటో అంతస్తులో ఎవరో బట్టలుతుకుతున్నారు. రెండో దాంట్లో రేడియో. మూడో దాంట్లో చప్పుడే లేదు, తలుపు ముందు ఒకే జత చెప్పులు.

ఎక్కుతూ ఎక్కుతూ ఏం అడగాలో కూర్చుకుంది. అది నాది, ఇచ్చెయ్ అనాలి. అనడానికి లేదు. పారెయ్యమన్నది తనే. కొంచెమైనా ఇవ్వు అనాలి. ఏదైనా సరే అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చాక, అది ఇదివరకు ఎవరు ఏ గుమ్మం బయట నిలబడి అన్నారో గుర్తొచ్చింది. ఎనిమిది నెలల కింద తలుపు వేసినప్పుడు ఆ మనిషి మొహం ఎలా ఉందో గుర్తు తెచ్చుకోబోయింది. చూడలేదు. తలుపే చూసింది.

నాలుగో అంతస్తు మలుపు తిరగక ముందే ముక్కుకి తగిలింది.

మరుగుతున్న టీ.

నాలుక మీద నెలల తరబడి రుచి లేకపోయినా ముక్కు పని ముక్కు చేసింది. నిరుటి ఆకు, రెండో కోత, తను చేత్తో ఏరి డబ్బాలో వేసినదే. దాని వెనకే, మెట్ల గోడకి ఆనుకుని దిగి వస్తున్నట్టు, నారింజ తొక్క. తల నూనె. ఇంకా పేరు పెట్టలేనిది. డబ్బాలో మూడు పీల్పులకి ఎప్పుడూ ఇంత రాలేదు. వేడి తగిలితే ఆకు తన దగ్గరున్నదంతా ఒకేసారి ఇచ్చేస్తుంది. ఒక్క మరుగు, అంతే. ఆ తర్వాత మిగిలేది పిప్పి. ఆయన ఎంత వేశాడో, ఎంత మిగిల్చాడో ఆవిరిని బట్టి లెక్కకట్టబోయింది. ముప్పై ఏళ్ల అనుభవం ఆ లెక్క దగ్గర చేతులెత్తేసింది.

బెల్లు నొక్కింది. లోపల అడుగుల చప్పుడు. నెమ్మదిగా వస్తున్నాయి, కుడికాలు కొంచెం ఈడుస్తూ.

తలుపు తెరుచుకుంది. బావ ముసలివాడయ్యాడు. చేతిలో వడగట్టే జల్లెడ ఉంది. భుజం మీద అక్క రుమాలు ఉంది, ముడి విప్పేసి.

ఆయన ఆమెను చూశాడు. తలుపు వెయ్యలేదు. గుమ్మానికి అడ్డం కూడా తొలగలేదు. ఆమె ఏదైనా సరే అన్న మాట అనడానికి నోరు తెరిచింది.

"చెప్పులు విప్పి రా" అన్నాడు బావ. "పాలు పొయ్యలేదు. వాసన చచ్చిపోతుందని."